పెట్టెకు కట్టే డబ్బు, బొమ్మకు కట్టే డబ్బు: సావరిన్ నాణేల సేకరణపై ఒక పాఠకుడికి సమాధానం

ప్రశ్న: తెనాలి దగ్గర మా ఊరు. ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. బ్రిటన్ ప్రభుత్వ టంకశాల రాయల్ మింట్ ఏటా విడుదల చేసే లిమిటెడ్ ఎడిషన్ ప్రూఫ్ సావరిన్లు (సేకరణ కోసం ప్రత్యేకంగా మెరుగు పెట్టి ముద్రించే బ్రిటిష్ బంగారు నాణేలు) కొనడం మొదలుపెట్టాలని ఉంది. ధర చూస్తే లోపలున్న బంగారానికి దాదాపు రెట్టింపు దగ్గర ఉంటోంది. ఆ ధర తర్వాత నిలబడుతుందా? వెనకవైపు అదే గుర్రం, అదే డ్రాగన్ కదా, మరి ఒక నాణేనికీ ఇంకోదానికీ అంత తేడా ఎందుకు? దేన్ని చూసి కొనాలి? ఇంకో సంగతి. అమ్మ కాసులపేరులో జార్జి రాజు బొమ్మ కాసులు ఇరవై దాకా ఉన్నాయి. అవి అసలువో కావో ఎలా తెలుస్తుంది? రెండు మూడు ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: ముందు ధర లెక్క చూద్దాం. సావరిన్ బరువు 7.988 గ్రాములు, బంగారం 22 క్యారట్లు. అంటే లోపల ఉండే మేలిమి బంగారం 7.322 గ్రాములు. 1817లోనూ అంతే, ఇవాళ కొన్నదానిలోనూ అంతే. మేలిమి గ్రాము 100 పౌండ్లు అనుకుంటే నాణెంలో ఉన్నది 732 పౌండ్ల బంగారం. పెట్టెలో పెట్టి, సర్టిఫికెట్ జతచేసి 1,300కు అమ్మితే మిగతా 568 పౌండ్లు దేనికి కట్టినట్టు? మన దగ్గర నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ కడతాం. ఆ నగను తిరిగి అమ్మబోతే వాటి ఊసే ఉండదు. ప్రూఫ్ నాణెం సంగతీ ఎక్కువసార్లు అదే. మర్నాడు డీలరు దగ్గరికి తీసుకెళ్తే బంగారం విలువ మీద కొద్దిగా కలిపి ఇస్తాడు, ఒక్కోసారి అదీ ఇవ్వడు. కొన్ని ప్రూఫ్‌ల ధర పెరిగిన మాట నిజమే. అయితే అది లిమిటెడ్ ఎడిషన్ అన్న మాట చూసి పెరిగింది కాదు, బొమ్మ ఆ ఒక్క ఏడాదికే పరిమితమైనందుకు పెరిగింది.

లిమిటెడ్ ఎడిషన్ అన్నచోట రెండు అంకెలు ఉంటాయి, ప్రకటన చదివేటప్పుడు వాటిని విడదీసి చూడండి. ఒకటి ఆ పెట్టెలో పెట్టి అమ్మే నాణేల సంఖ్య. రెండోది ఆ బొమ్మతో, ఆ ప్రూఫ్ తీరులో మొత్తం ఎన్ని ముద్రిస్తారన్న పరిమితి. మూడు నాణేల సెట్లలో, ఐదు నాణేల సెట్లలో వెళ్లేవి కూడా రెండో అంకెలో కలుస్తాయి. పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేది మొదటి అంకె. నాణెం అరుదైనదా కాదా తేల్చేది రెండోది. సెట్లు కొన్నవాళ్లు కొన్నేళ్లకు వాటిని విడగొట్టి విడివిడిగా అమ్ముతారు, దాంతో సంతలో దొరికే నాణేలు పెట్టె మీద అంకె కన్నా ఎక్కువే అవుతాయి. ఇక పరిమితి అంటే అంతకు మించి ముద్రించబోమన్న మాట మాత్రమే. అమ్ముడుపోక అంతకంటే తక్కువ ముద్రించిన సందర్భాలూ ఉన్నాయి, అసలు సంఖ్య తర్వాతెప్పుడో బయటికి వస్తుంది.

సావరిన్ అన్న పేరుతో వచ్చే పత్రికా ప్రకటనల్లో ఇంకో చిక్కుంది. జిబ్రాల్టర్, ట్రిస్టన్ డ కూన్యా, ఆల్డర్నీ వంటి చోట్ల పేరున ప్రైవేటు వ్యాపారులు కూడా సావరిన్లు విడుదల చేయిస్తారు. బంగారం బంగారమే, కాదనం. కానీ అవి బ్రిటన్‌లో చెల్లుబాటయ్యే నాణేలు కావు. 1837 నుంచి వచ్చిన బ్రిటిష్ సావరిన్లు స్టెర్లింగ్ నాణేలు కాబట్టి, బ్రిటన్‌లో పన్ను కట్టేవారు వాటిని లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. జిబ్రాల్టర్ నాణేనికి ఆ వెసులుబాటు ఉండదు. మీరు అక్కడే ఉంటున్నారు కాబట్టి ఇది మీకు నేరుగా డబ్బు లెక్క. భారత్‌కు తిరిగొచ్చి ఇక్కడ అమ్మితే మాత్రం ఇక్కడి పన్ను ఇక్కడిదే.

ఇక బొమ్మ సంగతి. అదే గుర్రం, అదే డ్రాగన్ అన్నారు, అక్కడే పొరబడ్డారు. గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జ్‌ను చెక్కింది ఇటలీ నుంచి వచ్చిన బెనెడెట్టో పిస్ట్రూచీ. 1817 నాటి బొమ్మలో జార్జ్ చేతిలో ఉన్నది విరిగిన బల్లెం పిడి, బొమ్మ చుట్టూ అక్షరాలున్న గార్టర్ పట్టీ. 1821లో పట్టీ పోయింది, చేతికి కత్తి వచ్చింది. 1825లో బొమ్మే పోయి, దాని స్థానంలో కిరీటం పెట్టిన రాజచిహ్నపు డాలు వచ్చింది. సెయింట్ జార్జ్ మళ్లీ కనిపించింది 1871లో. అప్పుడైనా డాలు వెంటనే పోలేదు. లండన్‌లో 1874 దాకా, ఆస్ట్రేలియా టంకశాలల్లో 1887 దాకా రెండు బొమ్మలూ పక్కపక్కనే నడిచాయి. అందుకే విక్టోరియా యువ ముఖం ఉన్న నాణేన్ని ముఖం చూసి వదిలేయకుండా తప్పక వెనక్కి తిప్పి చూడాలి.

టంకశాల గుర్తు ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది అది లేదనుకుంటారు. డాలు నాణెంలో ఆ చిన్న అక్షరం వెనకవైపు, డాలు కింద ఆకుల దండ ముడి దగ్గర ఉంటుంది. 1871 నుంచి 1887 దాకా సెయింట్ జార్జ్ ఉన్నవాటిలో వెనక వెతికితే దొరకదు, ముందువైపు రాణి మెడ కింద ఉంటుంది. 1887లో జూబిలీ ముఖం వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లింది, గుర్రం కాళ్ల కింది నేలగీత మీద, సంవత్సరానికి సరిగ్గా పైన. లండన్ నాణేలకు అక్షరం ఉండదు. 1863 నుంచి 1874 దాకా లండన్ డాలు నాణేల్లో చాలావాటికి దండ కింద ఓ బుల్లి అంకె కనిపిస్తుంది. అది అచ్చు నంబరు. వాటిని వరసగా పోగుచేసేవాళ్లు వేరే ఉన్నారు, మొదటి ఏడాదే అటు వెళ్లొద్దు.

1871 తర్వాతి నాణేల్లో పది రెట్ల భూతద్దంతో చూడాల్సిన తేడాలు ఇంకొన్ని ఉన్నాయి. గుర్రం తోక పొడవుగా ఉందా, పొట్టిగా ఉందా? నేలగీత కింద కుడివైపున పిస్ట్రూచీ పొడి అక్షరాలు బి.పి. పెద్దవా, చిన్నవా, అసలే లేవా? ముందువైపు రాణి మెడ తెగిన చోట చెక్కినవాడు విలియం వయన్ గుర్తు రెండు డబ్ల్యూలు ఉబ్బెత్తుగా ఉన్నాయా, లోపలికి దిగాయా? ఇవన్నీ అచ్చు తయారీలో వచ్చిన నిజమైన తేడాలు. అరిగిన నాణెం మీద లేని బి.పి. అరుగుదల వల్ల పోయినదే అయ్యుండొచ్చు. దాని పక్కనే సంవత్సరం అంకెలూ మందగిస్తే డబ్బు పెట్టొద్దు.

ముఖాలు కూడా చెబుతాం. విక్టోరియావి మూడు: 1838 నుంచి యువ ముఖం, 1887లో బోయమ్ చెక్కిన జూబిలీ ముఖం, 1893 నుంచి బ్రాక్ చెక్కిన ముసుగు ముఖం. తర్వాత ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్. 1929 నుంచి ఐదో జార్జ్ తల కొంచెం చిన్నదైంది. ఆరో జార్జ్‌ది 1937లో ప్రూఫ్‌గా మాత్రమే వచ్చింది, ఖరీదెక్కువ. ఆల్బమ్‌లో అతని గడి ఖాళీగా వదిలినా సిగ్గేం లేదు. ఎలిజబెత్‌వి ఐదు, చెక్కినవాళ్ల పేర్లతో చెబితే: 1957 నుంచి గిలిక్, 1974 నుంచి మాచిన్, 1985 నుంచి మక్లూఫ్, 1998 నుంచి ర్యాంక్-బ్రాడ్లీ, 2015లో జోడీ క్లార్క్. 2015లో పాత ముఖం, కొత్త ముఖం రెండూ ఆ ఏటి తేదీతోనే వచ్చాయి. 1983 నుంచి 1999 దాకా మామూలు బులియన్ నాణేలే (బంగారం ధరకు దగ్గరగా అమ్మేవి) లేవు, ప్రూఫ్‌లే. కాబట్టి మక్లూఫ్ ముఖం కావాలంటే ప్రూఫ్ ధర తప్పదు. 1957 నాణెం అంచు గాట్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి, 1958 నుంచి కొంచెం ముతక. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది, ఖర్చూ లేదు.

కొత్త వాటిలో కొనదగ్గవి, మా లెక్కలో, వెనకవైపు బొమ్మ ఆ ఒక్క సంవత్సరానికే మారినవి. 1989లో, 1489 నాటి మొట్టమొదటి సావరిన్‌కు అయిదొందల ఏళ్లు నిండినప్పుడు సింహాసనం మీద కూర్చున్న రాణి, ట్యూడర్ గులాబీ మీద డాలు. అది ప్రూఫ్ మాత్రమే, ఇప్పటికే బంగారం ధర కన్నా బాగా పైన ఉంది, నకిలీలూ ఉన్నాయి. 2002లో టిమోతీ నోడ్ గీసిన డాలు, 2005లో అతనిదే కొత్త తరహా సెయింట్ జార్జ్, 2012లో పాల్ డే సెయింట్ జార్జ్, 2022లో ప్లాటినం జూబిలీ రాజచిహ్నం. ఈ నాలుగూ బులియన్‌గానూ వచ్చాయి. అంటే అదే బొమ్మ మీకు మామూలు సావరిన్ ధర మీద కొద్దిపాటి అదనంతో దొరుకుతుంది. ప్రూఫ్‌కు అద్దంలాంటి నేల (బొమ్మ చుట్టూ ఉండే చదును భాగం), తెల్లటి మంచు పూతలాంటి బొమ్మ ఉంటాయి, చూడ్డానికి అందమే. కానీ సేకరణకు బొమ్మ ప్రధానమైతే బులియన్ చాలు. 2022 తేదీతోనే చార్లెస్ ముఖంతో రాణి స్మారక నాణెం కూడా వచ్చింది. కొనేటప్పుడు రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు.

2017 విషయంలో మోసపోయేవాళ్లు ఎక్కువ. ఆ ఏడాది ఆధునిక సావరిన్ రెండొందల ఏళ్ల వేడుకకు 1817 నాటి గార్టర్ పట్టీ బొమ్మను ప్రూఫ్‌ల మీద మళ్లీ వేశారు. బులియన్ నాణేనికి మామూలు సెయింట్ జార్జే, పక్కన చిన్నగా 200 అన్న గుర్తు. రెండోదాన్ని మొదటిదాని ధరకు అంటగట్టేవాళ్లున్నారు. ఇలాంటి చిన్న గుర్తులు తర్వాత కూడా చాలా వచ్చాయి: 2018లో రాణి పట్టాభిషేకానికి 65 ఏళ్లయినందుకు 65, 2020లో బ్రిటన్ యూరప్ సమాఖ్య నుంచి బయటికొచ్చిన సందర్భానికొకటి, 2021లో రాణి 95వ పుట్టినరోజుకు ఒకటి. ఏటా గుర్తు మారుస్తూ పోతే గుర్తుకు విలువేముంది? వీటికి బంగారం ధర మీద అయిదారు శాతం మించి మేమైతే ఇవ్వం.

అసలు మా సలహా వేరే. మీ దగ్గర ఒక ప్రూఫ్‌కు కేటాయించిన డబ్బుంటే, దానికి ఇంకొంత కలిపి రెండు పాత సావరిన్లు కొనండి. ఐదో జార్జ్ కాలంలో ఏడు టంకశాలలు ఇవే సావరిన్లు కొట్టాయి. లండన్, సిడ్నీ ఎస్, మెల్‌బోర్న్ ఎం, పెర్త్ పి, ఒట్టావా సి, ప్రిటోరియా ఎస్‌ఏ, బొంబాయి ఐ. ఇది ఏడు నాణేల సెట్. సి, ఐ అక్షరాలకు కొంచెం ఎక్కువ ఇవ్వాలి. మిగతావి, సంవత్సరం ఎంచుకోవడంలో పట్టు పట్టకపోతే, దాదాపు బంగారం ధరకే వస్తాయి. ఇంకా బిగువైన సెట్ కావాలంటే 1918 ఒక్క ఏడాదే తీసుకోండి. ఆ ఏట ఐదు టంకశాలల నాణేలున్నాయి: సి, ఐ, ఎం, పి, ఎస్. మూడు ఖండాలు, ఒకే ముఖం, ఒకే తేదీ.

ఆ ఐదింటిలో బొంబాయిది మన వాళ్లకు దగ్గరి చుట్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో సముద్ర ప్రయాణం ప్రమాదకరమైంది, బంగారం తెచ్చి పంపడం కష్టమైంది. అందుకే బొంబాయిలోనే రాయల్ మింట్ శాఖ తెరిచారు. లండన్ నుంచి అచ్చులు రావడం ఆలస్యమైతే, ఈలోగా అదే బరువు, అదే మెరుగుతో 15 రూపాయల మొహర్లు కొట్టారు. అప్పట్లో పౌండు విలువ 15 రూపాయలు. తర్వాత సావరిన్లు 12,95,372 కొట్టారు, శాఖ 1919లో మూతపడింది. ఐ అక్షరంతో 1918 తప్ప ఆ కాలపు తేదీ ఇంకోటి లేదు. 1917 ఐ, 1919 ఐ ఎవరైనా చూపిస్తే నకిలీయే. చాలా ఏళ్ల తర్వాత 2013లో హర్యానాలోని ఎంఎంటీసీ-పాంప్ టంకశాల రాయల్ మింట్ అనుమతితో మళ్లీ ఐ గుర్తు వేసింది. 1918 నాణెం పక్కన 2013 నాణెం పెడితే జత చక్కగా ఉంటుంది. ఇది పెట్టె మీద లిమిటెడ్ అని రాయని సెట్, అయినా మేము ముందు ఇదే కొంటాం.

తేదీ, అక్షరం రెండూ కలిపి చూడడం నకిలీ పట్టుకోవడానికి మొదటి పరికరం. ఒట్టావా 1908 నుంచి 1919 దాకా కొట్టింది, మధ్యలో 1912, 1915 లేవు. ప్రిటోరియా 1923 నుంచి 1932. ఎలిజబెత్ కాలంలో 1960, 1961 లేవు. లండన్ 1917 చాలా అరుదు, ఎందుకంటే ముద్రించినవాటిలో ఎక్కువ కరిగిపోయాయి. దాంతో మామూలు సిడ్నీ, పెర్త్ 1917 నాణెం మీద అక్షరం గీకేసి లండన్‌దని అమ్ముతారు. నేలగీత మీద, సంవత్సరానికి పైన ఆ కాస్త చోటు మిగతా నేల కన్నా నున్నగా, పల్లంగా ఉందా అని పక్క నుంచి వెలుతురు పడేసి చూడండి. ఇంకో విచిత్రం: 1925 తేదీ ఉన్న లండన్ నాణేలన్నీ 1925లో కొట్టినవి కావు. అదే తేదీతో 1949 నుంచి 1952 మధ్య కూడా ముద్రించారు. అవి నకిలీలు కావు, అసలైన రాయల్ మింట్ నాణేలే.

నకిలీల గురించి ఇంకొక్క మాట. ఇత్తడికి పూత పూసినవి తేలిగ్గా దొరికిపోతాయి. కష్టం 22 క్యారట్ల బంగారంతోనే చేసిన నకిలీలతో. 1950 తర్వాత సావరిన్ ధర దానిలోని బంగారం కన్నా ఎక్కువగా పలికిన రోజుల్లో లెబనాన్‌లో, ఇటలీలో పూర్తి బంగారంతోనే కొట్టి ఆ తేడా మిగుల్చుకున్నారు. ఎక్కువగా ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్ తేదీలు. బంగారం నష్టపోరు, కానీ సేకరణకు పనికిరాదు. అక్షరాలు ఉబ్బి సబ్బులా మెత్తబడడం, చదునైన నేల మీద చిన్న పొక్కులు, అంచులోని పళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం, గుర్రం జూలు గీతలు కరిగినట్టుండడం చూడండి. పక్కన నమ్మకమైన నాణెం ఒకటి పెట్టుకుని పోల్చితే కళ్లకు వారంలో అలవాటవుతుంది.

ఇప్పుడు అమ్మగారి కాసులు. కాసులపేరులో ఎక్కువ భాగం లక్ష్మీదేవి బొమ్మ ముద్రించిన పలచటి కాసులే ఉంటాయి. జార్జి బొమ్మవి అసలు సావరిన్లు కావచ్చు, కంసాలి అచ్చు తీసి కొట్టినవీ కావచ్చు. అసలుదైతే అడ్డం 22.05 మిల్లీమీటర్లు, మందం 1.52 మిల్లీమీటర్లు. డిజిటల్ కాలిపర్‌తో కొలవండి. కొండీ అతికించి ఉంటే బరువుతో తేల్చలేం, కానీ నీళ్ల పరీక్ష చేయొచ్చు. 0.01 గ్రాము చూపే నగల త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. సన్నటి దారంతో నాణేన్ని వేలాడదీసి పూర్తిగా ముంచండి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. ముందే నాణేన్ని తడిపి బుడగలు పోగొట్టండి. బుడగ అంటుకుని ఉంటే అంకె ఎక్కువ చూపి, బంగారం కాదేమో అనిపిస్తుంది. త్రాసు చూపేది నాణెం తోసేసిన నీటి బరువు. కొండీ లేని అసలు సావరిన్‌కు 0.45 గ్రాములు రావాలి. కొండీ ఉంటే, కొండీతో సహా మామూలుగా తూచిన బరువును నీళ్లలో త్రాసు చూపిన అంకెతో భాగించండి, 17.5 నుంచి 17.7 మధ్య రావాలి. ఒక్క నాణెంతో 0.01 తేడా కూడా ఫలితాన్ని అటూ ఇటూ చేస్తుంది. ఐదు ఒకేసారి ముంచితే 2.27 దగ్గర రావాలి, అది నమ్మదగ్గది. అంతే బరువున్న వెండి మీద బంగారు పూత అయితే ఒక్కదానికే 0.76 వస్తుంది.

రంగు చూసి భయపడొద్దు. సావరిన్‌లో కలిపేది రాగి, అందుకే కొంచెం ఎర్రగా ఉంటుంది. మన నగల బంగారంలో వెండి కూడా కలుస్తుంది కాబట్టి పసుపు తేలుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎర్రటిది చూసి కల్తీ అంటుంటారు. నగల దుకాణంలో క్యారట్ మీటరు పెట్టించండి: బంగారం 91.6 దగ్గర ఉండి, మిగతాది దాదాపు అంతా రాగి అయితే మంచి సంకేతం. మీటరును కొండీ దగ్గర కాక నాణెం మధ్యలో పెట్టమనండి, టాకా (అతుకు లోహం) ఉన్నచోట జింకు కనిపించి కంగారు పెడుతుంది.

అసలైనవని తేలినా, కొండీ వేసిన నాణేనికి సేకరణదారు బంగారం ధరే ఇస్తాడు. టాకా వేడికి అంచు గాట్లు కరుగుతాయి, కంసాలి మెరుగు పెట్టినప్పుడు నేల మీద సన్నటి గీతలు పడతాయి, అవి తిరిగి రావు. కాబట్టి కొండీలు తీయించి శుభ్రం చేయించే ఆలోచన వద్దు. హారం హారంగానే ఎక్కువ విలువైనది. మీరు కొనే వాటినీ చింతపండుతో గానీ, నగల ద్రావణంతో గానీ కడగొద్దు. రాగి మరకలు కనిపించినా వదిలేయండి. 22 మిల్లీమీటర్ల గట్టి క్యాప్సూల్స్ వాడండి, మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగురు వదిలి పచ్చటి మరక చేస్తాయి.

ఇంగ్లండు తెచ్చుకోవచ్చా అని అడిగారు. తెచ్చుకోవద్దు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారం ఇచ్చిన సంస్థకు మాత్రమే ఉంది. 1911 నుంచి మొదలయ్యే జార్జి కాసుల్లో ఎక్కువభాగం ఇప్పటికే నూరేళ్లు దాటాయి. విమానాశ్రయంలో నగ అని చెప్పినా, లోపల నాణేలు స్పష్టంగా కనిపిస్తే వివాదం మీ నెత్తికే. పైగా అవే కాసులు, కొండీ లేకుండా, శుభ్రమైన స్థితిలో బర్మింగ్‌హామ్‌లోనే బంగారం ధరకు అటూ ఇటూగా దొరుకుతాయి, వ్యాట్ కూడా ఉండదు. తిరుగు దారిలో, అంటే ఇంగ్లండు నుంచి ఇక్కడికి తెచ్చేటప్పుడు, సుంకం లేని వెసులుబాటు నగలకే, నాణేలకు కాదు. రెడ్ ఛానెల్‌లో చెప్పి ఆ రోజు రేటు సుంకం కట్టండి. కొన్న రసీదు అసలు ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఇన్సూరెన్సుకైనా, రేపు అమ్మడానికైనా అదే పనికొస్తుంది.